ఎడమ చెంప

గోడ కొక్కేల నుంచి పటాల సంచులను ఒక్కొక్కటే దించి, మూతి విప్పి, లోపలి గుడ్డను షెడ్డు ముందు ఇసుక మీద పరుస్తున్నాడు ఆయన. పరిచాక మోకాళ్ల మీద కూర్చుని అంచు వెంబడి బొటనవేలితో తడుముకుంటూ పోతాడు. కుట్టు వదులైన చోట వేలు దానంతటదే ఆగుతుంది. అక్కడ సుద్దతో గీత గీసి ఆ పటాన్ని పక్కన పెడతాడు. సాయంత్రం ఇంటికి మోసుకెళ్తే భార్య మిషను మీద కుట్టి ఇస్తుంది. ఆయనకు యాభై దాటాయి. సన్నటి కాళ్లు, ఎండకు కమిలి ముడతలు పడ్డ మెడ, మోచేతుల దాకా మడిచిన చొక్కా. పని చేస్తున్నంతసేపూ పెదవులు బిగించి ఉంచడం అలవాటు. ఈమధ్య ఆ బిగింపు కుడివైపే నిలుస్తోంది. ఎడమవైపు పెదవి చివర కాస్త జారి ఉంటోంది.

అవి పిల్లలు మేడ మీద ఎగరేసే కాగితం పటాలు కావు. మనిషిని బండితో సహా ఈడ్చుకుపోయే గుడ్డ పటాలు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే గట్టి తడి ఇసుక మీద, మూడు చక్రాల బండిలో నడుం వాల్చి కూర్చుని తాళ్లు చేతపడితే చాలు, మిగతాది గాలే చూసుకుంటుంది. చిక్కంతా ఏ పటం పట్టుకోవాలన్న దగ్గరే. గాలి మందంగా ఉంటే పది చదరపు మీటర్ల పటం. పెరిగేకొద్దీ ఏడు, అయిదు. ఈదురుగాలికి మూడు. మనిషి బరువును బట్టి ఒక మెట్టు అటో ఇటో. కొత్తగా వచ్చిన వాళ్లంతా పెద్దదే అడుగుతారు. గట్టి గాలిలో పెద్ద పటం పట్టుకున్న వాణ్ణి నేల మీద నిలపడం ఎవరి తరమూ కాదు.

ఎవరికి ఏది ఇవ్వాలో చెప్పడం ఆయన పని. వచ్చే పోయే వాళ్లకు ఆయన గాలి మావయ్య. ఆ పేరు విని భార్య నవ్వేది. "పెళ్లయిన కొత్తలో మీరు గాలికి తిరుగుతారని ఎవరో చెప్తే మా అమ్మ హడలిపోయింది. చివరికి అదే ఉద్యోగమైంది చూడండి" అనేది.

నిజానికి వేరే ఏ ఉద్యోగమూ ఆయనకు అచ్చి రాలేదు. లారీ ఆఫీసులో బేరం చేయలేక మానేశాడు. ఇనప సామాన్ల కొట్టులో గట్టిగా మాట్లాడే యజమానికి జడిసి మానేశాడు. అత్తగారింట్లో భోజనానికి కూర్చుంటే తలెత్తేవాడు కాదు. భార్య తమ్ముడు ఈ షెడ్డు పెట్టినప్పుడు, జాలిపడి, పటాలు మడిచే పనికి రమ్మన్నాడు. చేరిన కొన్నాళ్లకే, ఒక మధ్యాహ్నం, ఇసుకలో కళ్లు మూసుకుని నిలబడి, మొహాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పి, "తమ్ముడూ, అందర్నీ వెనక్కి పిలువు. పెద్ద గాలి వస్తోంది" అన్నాడు. బావమరిది నవ్వుతూనే పిలిచాడు. ఆఖరి బండి షెడ్డు చేరేసరికి ఇసుక లేచి కళ్లు కనపడలేదు. ఆ రోజు నుంచి పటం ఎంపిక ఆయనదే. తర్వాతెప్పుడో బావమరిది గాలి కొలిచే మీటరు ఒకటి కొన్నాడు గానీ దాని డబ్బా మూత తీసిన సందర్భాలు తక్కువ. "మీటరు ఇప్పుడున్న గాలి చెప్తుంది. మా బావ రాబోయే గాలి చెప్తాడు" అని గొప్పగా చెప్పుకునేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన పని ఉన్నట్టు పక్కకు తిరిగి, ఎవరూ చూడకుండా సంతోషపడేవాడు.

ఆ ఏడాది వానలు తగ్గాక పక్షవాతం చిన్నగా తగిలింది. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. ఎడమ చెంప మాత్రం మొద్దుబారింది. గడ్డం గీసుకుంటుంటే రక్తం అద్దంలో కనిపించాకే తెగిందని తెలిసేది. టీ తాగుతుంటే చొక్కా మీద చుక్కలు పడేవి. భార్య తుండు తెచ్చి మోకాలి మీద పెట్టేది. "తమ్ముడికి చెప్తారా?" అని ఒకసారి అడిగింది. "పంటి నొప్పన్నాను" అన్నాడు. గాలిని పసిగట్టే ఆ చెంపే లేదంటే తనలో ఇక మిగిలేదేమిటన్నది ఆయన భయం. భార్యకు అది తెలుసు.

కుడి చెంపతో నెట్టుకొచ్చాడు. ఎగిరే ఇసుకను చూశాడు, వచ్చిన వాళ్ల జుట్టు చూశాడు. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు.

ఎండ కాస్త ముదిరాక టీచరమ్మ వచ్చింది. హైస్కూల్లో లెక్కలు చెప్తుంది. నలభై ఏళ్ల మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. సెలవు రోజుల్లో తప్పకుండా వస్తుంది. ఆమెకు పిచ్చి ధైర్యం లేదు, మొండితనమూ లేదు.

"మావయ్యా, ఇవాళ నాకేది?"

ఆయన బయటికి నడిచి, కుడి చెంప సముద్రం వైపు ఉండేలా నిలబడి కళ్లు మూసుకున్నాడు. గాలి ఒకే తీరుగా, మెత్తగా వస్తోంది. ఎడమవైపున ఇసుక దిబ్బలు. ఆ దిబ్బల మీంచి గాలి తిరగబడే ముందు పల్చటి తెర ఒకటి వస్తుంది. చొక్కా కూడా కదలదు. చెంప మీద సన్నటి చల్లదనం, అంతే. ఇదివరకైతే అది తగలగానే అయిదు మీటర్ల సంచి అందుకునేవాడు.

"ఏడు తీసుకోండి టీచరమ్మా."

"మీరెంతంటే అంత" అంటూ ఆమె హెల్మెట్ బిగించుకుంది.

తాళ్లు విప్పి ఇచ్చి, అదుపు తప్పితే లాగి పటంలో గాలి వదిలేసే పట్టీని ఆమె మణికట్టుకు తగిలించి, పటం పైకి లేచేదాకా తనే అంచు పట్టుకున్నాడు. ఎర్రటి పటం నిండుగా విచ్చుకుని లేచింది. బండి తడి ఇసుక మీద గీత గీసుకుంటూ నీళ్ల అంచుదాకా వెళ్లి ఒడుపుగా తిరిగింది. ఆమె చెయ్యి ఊపింది. ఆయనా ఊపాడు.

అంతలో దిబ్బల మీద గడ్డి ఒక్కసారిగా నేలకు ఒరిగింది. "పట్టీ లాగండి! పట్టీ లాగేయండి!" అని అరుస్తూ ఆయన పరిగెత్తాడు. పెదవి సహకరించక మాట ముద్దగా వచ్చింది. పటం పక్కకు ఊగి, ఆమెను బండిలోంచి పైకి లాగింది. ఇద్దరు మనుషుల ఎత్తున ఆమె గాలిలో వేలాడింది. ఎదురుగా రాళ్లకట్ట. సరిగ్గా అప్పుడే ఆమె మణికట్టు పట్టీ లాగింది. పటంలో బిగువు పోయింది. రాళ్లకు ఇవతల, ఇసుకలో, భుజం మీద పడింది. పటం మాత్రం కొట్టుకుపోయి రాళ్ల మీద చిరిగింది.

బావమరిది, ఆయన కలిసి ఆమెను షెడ్డులో బల్ల మీద పడుకోబెట్టారు. మెడ కింది ఎముక విరిగినట్టుంది. అంబులెన్సుకు ఫోన్ చేశారు. నొప్పికి ఆమె మొహం పాలిపోయినా ముందు తనే నోరు విప్పింది.

"మావయ్యని ఏమీ అనకండి. గాలే తిరిగింది."

"అవును బావా. ఇలాంటి గాలి ఎవడు చెప్పగలడు? నువ్వు కూర్చో, ముందు నీళ్లు తాగు" అన్నాడు బావమరిది.

ఆయన కూర్చోలేదు. ఆ మాటలు పట్టుకుని ఊరుకుంటే చాలు. రేపు మళ్లీ కొక్కేల నుంచి సంచులు దించుకోవచ్చు. తుండుతో మొహం తుడుచుకున్నాడు. ఎడమవైపు అంటుకున్న ఇసుక అలాగే ఉండిపోయింది.

"గాలి ముందే చెప్పింది. నాకే తెలియలేదు" అన్నాడు.

"ఏమంటున్నావు?"

"ఈ పక్క స్పర్శ లేదు తమ్ముడూ. పంటి నొప్పి కాదది. పక్షవాతం. వానలు తగ్గినప్పటి నుంచీ ఇంతే."

బావమరిది అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. మొహం ఎర్రబడింది.

"అప్పటి నుంచీ? ఇన్నాళ్లూ ఎంతమందిని పంపావు బావా? నా కూతుర్ని కూడా పంపావు కదా!"

ఆ పిల్ల అయిదు మీటర్ల పటంతో కేరింతలు కొట్టిన సాయంత్రం ఆయన కళ్ల ముందు కదిలింది.

"అక్కకి తెలుసా?"

"దాన్నేమీ అనకు. నేనే చెప్పొద్దన్నాను."

బల్ల మీంచి టీచరమ్మ ఆయన వైపే చూస్తోంది. కోపంగా లేదు ఆ చూపు. కానీ పొద్దున ఏ పటమో అడిగినప్పటి చూపూ కాదు. "నాతో ఒక్క మాట చెప్పి ఉంటే మీటరు చూసుకునేదాన్ని కదా మావయ్యా" అంది. అంబులెన్సు వచ్చేదాకా ఆయన ఆమె తలకు నీడ పడేలా నిలబడి ఉన్నాడు.

ఆమెను ఎక్కించాక మీటరు డబ్బా తీసి, మూత మీది దుమ్ము తుడిచి, బావమరిది ముందు పెట్టాడు. "ఇక ఇది వాడు. దిబ్బల వైపు తిప్పి కూడా చూడు. గడ్డి కదిలితే ఎవర్నీ పంపకు."

బావమరిది ఇంకా తలెత్తలేదు. ఆయన గుమ్మం దాటాక మాత్రం వెనక నుంచి, "నడిచి వెళ్లకు బావా, బైకు మీద దింపుతా" అన్నాడు. ఆయన చేత్తోనే వద్దని చెప్పి, చిరిగిన ఎర్ర పటాన్ని చంకన పెట్టుకుని నడిచాడు.

ఇంట్లో భార్య ఆ గుడ్డను విప్పి చూసి, "ఇది అతికేది కాదండీ" అంది.

"అతకొద్దు. చొక్కా చెయ్యిలాగా కుట్టు. ఒక పక్క వెడల్పు, ఒక పక్క ఇరుకు."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. "చెప్పేశారా?"

"చెప్పేశాను."

"వాడేమన్నాడు?"

"అనాల్సిందే అన్నాడు."

ఆమె దీపం దగ్గరికి జరిగి కత్తెర అందుకుంది. ఆయన గుడ్డ చివర పట్టుకుని కూర్చున్నాడు. మిషను ఆగినప్పుడల్లా ఆమె చెయ్యి చాచి, ఆయన పెదవి చివర తడిని తన కొంగుతో అద్దింది. కుట్టు పూర్తయ్యాక, "రేపు ఏం చేస్తారు?" అని అడిగింది. "నీకు గుడ్డ అందిస్తాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్న బావమరిది వచ్చి షెడ్డు తాళం తీయబోతూ ఆగాడు. ఇసుకలో వచ్చిన అడుగులూ వెళ్లిన అడుగులూ ఉన్నాయి, మనిషి లేడు. తలుపు పక్కన కొత్తగా పాతిన వెదురు కర్ర చివర, గాలి వచ్చే దిక్కు చూపే ఎర్రటి గాలిసంచి నోరు తెరుచుకుని సముద్రం వైపు తిరిగి ఉంది. చూస్తుండగానే అది కాస్త వణికి, తోక ఊపి, మెల్లగా దిబ్బల వైపు తిరిగింది.