గిన్నెలో వచ్చిన బొమ్మలు

మా పక్క గదిలో కిరాయికి దిగిన కళావతి మేడం బొమ్మలు గీస్తుంది. గోదావరిని గీయడానికే హైదరాబాద్ నుంచి పర్ణశాల వచ్చింది. వంట మాత్రం రాదు. మొదటి రోజే గిన్నెలో పప్పుచారు పంపాను. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదని ఆమెకూ తెలుసు. గదిలో ఉప్పు కూడా లేదేమో, ఒక చిన్న బొమ్మను చుట్టి అందులో పెట్టింది. సగం మునిగిన పడవ.

నేను చదివింది తొమ్మిది వరకే. ఇలాంటి బొమ్మలకు అర్థం అడగాలంటే సిగ్గు. కానీ ఆ పడవను చూస్తూ నిలబడితే పొయ్యి మీద పాలు పొంగిపోయినా తెలియలేదు. మర్నాడు చింతచిగురు పప్పు పంపాను.

రెండు నెలల్లో నా గోడ మీదికి పదకొండు బొమ్మలు చేరాయి. ఏ కూరకు ఏం వస్తుందో కూడా కనిపెట్టాను. పప్పుకు ఆకులు, చేపల పులుసుకు మనుషులు. నాటుకోడికి ఒకసారి అడవి మొత్తం వచ్చింది.

మా అత్త ఎర్రమ్మకు ఇవేవీ నచ్చవు.

"ఏందే కవితా, ఈ బొమ్మల ఆడమనిషికి కాళ్లే లేవు? చేపల పులుసు మొత్తం తిన్నది గదా నీ మేడం, కాళ్లు గీసే ఓపిక లేదా?"

"ఇప్పటి బొమ్మలు గట్లనే ఉంటయ్ అత్తా."

నాకు కావాల్సింది ఒక్కటే. ఏడాదిన్నర వయసున్న నా బిడ్డ సాయిప్రియ బొమ్మ. నోరు తెరిచి అడగలేక వంటతో అడుగుతున్నాను. మేడం ఆదివారం గది ఖాళీ చేస్తుందని తెలియగానే అత్త పెంచుకుంటున్న పుంజును కోయించాను. అత్త నాతో మాటలు మానేసింది.

గిన్నె తిరిగొచ్చింది. గబగబా విప్పాను. మంకీ క్యాప్, దాని మీద తువ్వాలు, చుట్టూ దుప్పటి, నడుమ రెండు కళ్లు. అచ్చం బట్టల మూట.

అత్త కోపం మరిచిపోయి పగలబడి నవ్వింది.

"నీ బిడ్డనే! ఎండాకాలంల గిట్ల చుట్టి తిప్పితే ఆమె మాత్రం ఏం గీస్తది?"

నాకు ఏడుపొచ్చింది. పుట్టిన నెలకే బిడ్డకు నిమ్ము చేసి తొమ్మిది రోజులు దవాఖానాలో ఉన్నాం. అప్పటి నుంచి ఆకు కదిలినా నాకు భయమే.

బిడ్డను ఎత్తుకుని మేడం గదికి వెళ్లాను. ఆమె సామాన్లు సర్దుతోంది.

"బొమ్మ బాగలేదా కవితా?"

"బాగుంది మేడం. కానీ అది దుప్పటి బొమ్మ. నాకు నా బిడ్డ బొమ్మ గావాలె."

"మరి నీ బిడ్డను నేను ఎన్నడు చూసిన? చూపియ్యి."

ముందు కిటికీ మూశాను. ఫ్యాన్ ఆపాను. తలుపు గడియ పెట్టి, కింద సందులో గోనెసంచి కుక్కాను. అప్పుడు టోపీ తీశాను.

"అమ్మో, ఎంత జుట్టే నీకు!" అంది మేడం.

సాయిప్రియ తన చెవులు తానే పట్టుకుని లాగి చూసుకుంటూ కిలకిలా నవ్వింది. మేడం పెన్సిల్ అందుకుంది. కాసేపటికే ఆమె జాకెట్ తడిసిపోయింది.

"కవితా, ఫ్యాన్..."

"జరసేపు మేడం. జల్దీ గియ్యండ్రి."

ఆ బొమ్మలో నా బిడ్డ బుగ్గ దగ్గర గీత కొద్దిగా అలుక్కుపోయింది. చూసినవాళ్లు కన్నీటి చుక్కా అని అడుగుతారు.

కాదు, మేడం చెమట చుక్క అని చెబుతాను. ఫ్యాన్ ఆపింది నేనేనని కూడా చెబుతాను.