ఏ మొక్కూ లేకుండా

పులిహోరకు చింతపండు గుజ్జు ముందురోజు రాత్రే ఉడికించి పెట్టుకుంటే పొద్దున పని తేలిక. ఈ సంగతి ప్రేమలతకు ఎవరూ చెప్పలేదు, ఉదయగిరి వచ్చాక ఆదివారాలే నేర్పాయి. ఆదివారమైతే చాలు, నెల్లూరు నుంచో ఆత్మకూరు నుంచో భర్త సురేంద్రబాబు స్నేహితులు ఎవరో ఒకరు కొండ మీది దుర్గం చూడటానికి దిగుతారు. కొండ మీద హోటళ్ళు లేవు కదా! పులిహోర పొట్లాలు, పెరుగన్నం డబ్బా, వేయించిన ఊరమిరపకాయలు, నీళ్ళ సీసాలు అన్నీ ఈ వంటింట్లోంచే పోవాలి. పోతాయి. చీకటి పడే వేళకు ఖాళీ డబ్బాలు తిరిగి వస్తాయి. వాటిని తోమేటప్పుడు అడుగున కాస్త ఇసుక, ఒక్కోసారి ఎండు గడ్డిపరక చేతికి తగులుతాయి. ఆమె ఇప్పటిదాకా ఆ కొండను తాకిందంటే అంతే తాకింది.

వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా కొండే. ప్రేమలత పుట్టింది భీమవరం పక్క పల్లెలో. కనుచూపు మేర వరిచేలు, చేపల చెరువులు. కొండ అంటే చిన్నప్పుడు పలక మీద గీసిందే. పెళ్ళయి నెల్లూరు టౌనుకు వస్తే అక్కడ గోడకు గోడ ఆనుకున్న అద్దె ఇల్లు. ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేది. కోటలూ రాజులూ అని బోర్డు మీద బొమ్మలు వేసి మరీ చెప్పేది కానీ ఒక్క కోట గోడనూ చేత్తో ముట్టుకున్నది లేదు. సురేంద్రబాబుకు ఉదయగిరి ట్రాన్స్‌ఫర్ వచ్చినప్పుడు, "నీ ఉద్యోగందేముండాది, నీ జీతం నీ ఆటో ఛార్జీలకే సరి" అన్నాడు. కొడుకు సందీప్‌ను నెల్లూరులో హాస్టల్లో వేసి, అత్త పెంచలమ్మను వెంటబెట్టుకుని వచ్చేశారు. ఉద్యోగం పోయినందుకు ప్రేమలత దారి పొడవునా ఏడ్చింది. సామాన్ల లారీ వెనక కారులో వస్తుంటే దూరాన కొండ, దాని మీద కోట గోడ కనిపించాయి. అప్పుడు ఏడుపు ఆగింది. "ఇక్కడ చూడాల్సినవి చాలా ఉన్నాయండీ" అంది. "చూద్దాంలే, కొండ యాడికి పోతాది" అన్నాడు సురేంద్రబాబు.

ఆ మాటకు వస్తే కొండ ఎక్కడికీ పోలేదు. ప్రేమలతా పోలేదు.

మొదట్లో ప్రతి ఆదివారం అడిగేది. "ఈసారి వచ్చేదంతా మగోళ్ళు, మధ్యలో నువ్వేం చేస్తావు?" అన్నాడు. తర్వాత ఒకసారి కుటుంబాలతో వచ్చారు. "వాళ్ళొచ్చేలోపల వేడిగా వంట ఉండొద్దా? ఇంటికి ఆడమనిషివి, నువ్వే లేకపోతే ఎట్టా?" అన్నాడు. దసరా సెలవులకు వచ్చిన సందీప్ నాన్నతో ఎక్కి దిగి, "నీ వల్ల కాదులే మమ్మీ, మోకాళ్ళు పోతాయి" అని తేల్చేశాడు. ఎక్కకముందే ఎక్కలేదని వీళ్ళకు ఎలా తెలిసిందో ఆ దేవుడికే ఎరుక. మిద్దె మీదికి తడిబట్టల బకెట్లు మోసేటప్పుడు గట్టిగా ఉండే మోకాళ్ళు కొండ అనేసరికి పనికిరాకుండా పోతాయి!

ఒకసారి సురేంద్రబాబు ఆఫీసు స్నేహితుడు రామనారాయణ పైనుంచి తీసిన ఫోటో చూపించాడు. "ఇదో చూడండి వదినా, మీ ఇల్లు!" వేళ్ళతో పెద్దది చేస్తే మిద్దె మీద ఎర్రటి చుక్క. ఆ పొద్దున ఆమె ఆరేసిన దుప్పటి. అందరూ నవ్వారు. ప్రేమలతా నవ్వి, వంటింట్లోకి వచ్చి స్టవ్ ముందు నిలబడిపోయింది. ఆ చుక్క కిందే ఎక్కడో తను అన్నం వారుస్తూ ఉండి ఉంటుంది. తన బతుకు పైనుంచి చూస్తే ఎంతుంటుందో ఊళ్ళో మగాళ్ళందరూ చూసి వచ్చారు, తను తప్ప.

ఒక సాయంత్రం పాల ప్యాకెట్‌కని బయల్దేరితే కాళ్ళు అటే తీసుకుపోయాయి. ఇళ్ళు అయిపోయి, తుమ్మచెట్లు దాటి, బండలు మొదలయ్యే చోటు దాకా వెళ్ళింది. పగలంతా ఎండకు కాగిన రాళ్ళ వాసన ముక్కుకు తగిలింది. కట్టెల మోపులతో కొందరు ఆడవాళ్ళు దిగి వస్తున్నారు. ఒకామె ఆగి, "యాడికమ్మా, ఒక్కదానివే?" అంది.

"ఊరికే" అంది ప్రేమలత.

"ఊరికేనా?" ఆమె మోపు సర్దుకుని ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

ప్రేమలత ఇల్లు చేరేసరికి కబురు ముందే చేరింది. ఆఫీసు అటెండరు మస్తానయ్య అటుగా పోతూ చూశాడట. "మేడమ్ గారు కొండ కాడ ఒక్కరే నిలబడుండారు సార్, ఇంట్లో అంతా బాగే గదా?" అని ఫోన్ చేశాడు. పాపం, అతను మంచికే చేశాడు. సురేంద్రబాబు గుమ్మంలోనే అందుకున్నాడు.

"అక్కడేంది నీకు పని?"

"పనేం లేదండీ. ఊరికే వెళ్ళాను."

"ఊరికే ఏంది? ఊరికే ఎవరన్నా పోతారా? ఈ ఊళ్ళో నాకొక మర్యాద ఉండాది. నడవాలనుంటే మిద్దె మీద నడువు, ఎవరొద్దన్నారు?"

అలా మిద్దె మీద నడక మొదలైంది. నీళ్ళ ట్యాంకు చుట్టూ, బట్టల తీగల కింద, గానుగెద్దులాగా. తిరుగుతూ ఆలోచించేది. కట్టెలకు పోయే ఆడవాళ్ళను ఎవరూ ఏమీ అనరు, పని మీద పోతున్నారు కనుక. శనివారం మాలకొండకు బస్సులకు బస్సులే ఆడవాళ్ళు పోతారు, వాళ్ళనూ ఎవరూ ఏమీ అనరు, దేవుడి పని కనుక. ఊరికే పోయే ఆడదానికి మాత్రం ఊళ్ళో మంచి పేరంటూ ఒక్కటీ లేదు.

పెంచలమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నారు. "ఏమ్మే, చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలవదా నీకు? చూడాలని ఉండాదంటే ఆడదాన్ని ఎవరన్నా పంపిస్తారా? మొక్కుండాదని చెప్పాల" అంది.

"ఏం మొక్కు అత్తయ్యగారూ?"

"ఏదో ఒక మొక్కు. మీ మామ బతికుండంగా సోమశిల డ్యాము గేట్లు ఎత్తినారని కలిగిరి కలిగిరంతా పోయి చూసొచ్చె. నన్ను పంపించలా. మర్సటేడు, సోమశిల ఈశ్వరుడికి మొక్కుకున్నానని జెప్పినా. ఆయనే దగ్గరుండి బస్సెక్కించినాడు. గుళ్ళో కూర్చున్నది కాసేపే. మిగతా పొద్దంతా ఆ నీళ్ళ కాడే కూర్చున్నా." ఆమె చేతులు ఆగాయి. "అబ్బా, ఏం నీళ్ళమ్మే అవి! పెంచలకోన, మాలకొండ, ఏయస్ పేట, నేను చూసిన ఊర్లన్నీ మొక్కుల మీద చూసినయ్యే. దేవుళ్ళకు తెలవకనా? ఒక్కడన్నా కోపం చేసుకోలా."

ప్రేమలత నవ్వు ఆపుకోలేకపోయింది. ఈ ఊరు వచ్చాక అంతగా నవ్వింది అదే. ముక్కోటి దేవుళ్ళను అడ్డం పెట్టుకుని ఊళ్ళు తిరిగిన ఈ మనిషినా తను ఇన్నేళ్ళూ ఉప్పు తక్కువా కారం ఎక్కువా అనే అత్తగానే చూసింది!

ఆ సాయంత్రమే పెంచలమ్మ కొడుకు ముందు కూర్చుని నిట్టూర్చింది. "అబ్బయా, ఈ పిల్లకు మనసు నిలకడగా లేదురా. కళ్ళు తిరగతా ఉండాయంట. ఏయస్ పేట దర్గాలో ఒక నిద్ర చేయిస్తానని మొక్కుకున్నా."

"మొక్కుకున్నాక పోవాల్సిందే గదమా" అన్నాడు సురేంద్రబాబు. కొండ దాకా పోతే పరువు పోయిందన్న మనిషి తనే వచ్చి, ఆత్మకూరు బస్సులో కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు.

ఆత్మకూరు బస్టాండులో అత్తాకోడళ్ళు నిలబడి టీ తాగారు. ఏయస్ పేటలో పూల చాదర్లు, సాంబ్రాణి, మిఠాయి కొట్లు చూస్తూ, ధరలు అడుగుతూ, ఏమీ కొనకుండా తిరిగారు. దర్గాలో మొక్కుకుని, వసారాలో చాప పరుచుకున్నారు. చుట్టూ ఎందరో ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని, కొంగులు కప్పుకుని పడుకున్నారు. ఎవరూ ఎవరినీ మంచినీళ్ళు తెమ్మని అడగడం లేదు. రేపు టిఫినేమిటి అన్న ఆలోచన లేకుండా నడుం వాల్చడం ఎంత సుఖమో ప్రేమలతకు అక్కడే తెలిసింది.

పక్క చాప మీది ఆమె అడిగింది. "నీకేం బాధమ్మా?"

ఆమె ఒళ్ళో పన్నెండేళ్ళ పిల్ల ఉంది. నెలల కిందట మాట పడిపోయిందట. తిరగని ఆసుపత్రి లేదట. తల్లి పిల్ల జుట్టు నిమురుతూ జవాబు కోసం చూస్తోంది.

"కళ్ళు... తిరుగుతాయి" అంది ప్రేమలత. ఆ తల్లి వెంటనే, "తగ్గిపోతాదిలేమ్మా" అని చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పింది. ప్రేమలతకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అంత బాధలో ఉన్న మనిషి చేత తన అబద్ధానికి ఓదార్పు చెప్పించుకుంది.

ఆ మొక్కు ఖరీదు ఎంతో తిరిగి వచ్చాక తెలిసింది. సురేంద్రబాబు ఆఫీసంతా చెప్పుకున్నాడు, మా ఇంట్లో ఆమెకు కొంచెం బాగాలేదు, దర్గాకు పోయొచ్చినారు అని. మస్తానయ్య ఫైళ్ళు ఇవ్వడానికి వచ్చి, "ఇప్పుడెట్టా ఉండాదమ్మా?" అని గొంతు తగ్గించి అడిగాడు. ఎదురింటి ఆమె పిల్లవాడిని బంతి కోసం ఈ గేటు తీయనివ్వడం లేదు. ఆ రోజు కొండ కింద ఒంటరిగా నిలబడటానికి కూడా ఊరికి ఇప్పుడు కారణం దొరికింది. "పాపం, అప్పటికే మొదలైనట్టుండాది" అనుకున్నారు.

అన్నిటికంటే భరించలేనిది మొగుడి మెత్తదనం. "ఒంట్లో బాగలేనిదానివి, బయట తిరగబాక. మిద్దె మీదకు కూడా ఒక్కదానివే పోబాక, కళ్ళు తిరిగి పడితే?" అన్నాడు. అనడమే కాదు, మిద్దె తలుపుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. బయటికి పోవడానికి చెప్పిన అబద్ధమే బయట గడియ పెట్టింది. అంతా చేసి, కళ్ళు తిరిగే మనిషి చేతి పులిహోర తినడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఆదివారాలు ఆగలేదు.

"దిగులు పడబాక" అంది పెంచలమ్మ చాటుగా. "ఇంకో మొక్కు చెబుదాం. ఈసారి పెంచలకోన."

ప్రేమలత లెక్క వేసుకుంది. పెంచలకోన తర్వాత ఇంకొకటి. ఒక్కో మొక్కుకు ఒక్కో జబ్బు. ఏడాదికో రెండేళ్ళకో ఒక రోజు గాలి పీల్చుకుని, మిగతా రోజులన్నీ ఆ జబ్బు మనిషిగా బతకాలి. అలా బతికి బతికి ఒకనాడు తనూ ఏ కోడలి పక్కనో కూర్చుని ఈ ఉపాయమే నేర్పుతుంది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. రామనారాయణ ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. హాల్లో కాఫీలు తాగుతున్నారు. ప్రేమలత పొట్లాలు కట్టింది. ఒకటి ఎక్కువ కట్టింది. కుక్కర్‌లో అత్తకు అన్నం పెట్టి, పప్పు మూత వేసి, స్కూలుకు పట్టుకెళ్ళే పాత గుడ్డసంచీ తీసింది. ఆ ఎక్కువ పొట్లం, నీళ్ళ సీసా అందులో పెట్టుకుంది. సందీప్ వదిలేసిన కాన్వాస్ బూట్లు కాలికి కొంచెం పెద్దవే, లేసులు బిగించి కట్టింది. ముడి జారింది. రెండోసారి కట్టాల్సి వచ్చింది.

ఆమె హాల్లోకి రాగానే సురేంద్రబాబు చూపు బూట్ల మీద పడింది. "ఏందిది?"

"నేనూ కొండకు వస్తున్నానండీ."

"నీకు బాగలేదు గదా!"

"బాగానే ఉన్నాను. కళ్ళేం తిరగడం లేదు."

"మరి మొక్కు..." అని అతను తల్లి వైపు తిరిగాడు. దివాన్ మీద కూర్చున్న పెంచలమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. కొడుకు ముందు, పరాయి మగవాళ్ళ ముందు, ముసలితనంలో అబద్ధాలకోరుగా నిలబడాల్సి వస్తుందేమోనని ఆమె భయం. ప్రేమలత ఆ భయం చూసింది.

"ఆ మొక్కు తీరిపోయిందండీ" అంది. "ఇప్పుడు ఏ మొక్కూ లేదు. పని కూడా ఏం లేదు. కొండ చూడాలని ఉంది."

ఆమె ఇంకా ఏదో చెబుతుందని, ఎందుకో చెబుతుందని అందరూ చూస్తున్నారు. ఆమె చెప్పాల్సింది చెప్పేసింది. రామనారాయణ ఖాళీ కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

"నేను పిలుచుకుని పోను" అన్నాడు సురేంద్రబాబు, గొంతు అదిమిపెట్టి.

"నడిచి వెళ్తాను. దారి కనిపిస్తూనే ఉంది కదా."

ఆమె గుమ్మం దిగి, గేటు గడియ తీసింది. గేటు కిర్రుమంది. "చూడమా, ఏం మాట్లాడతా ఉండాదో! నువ్వన్నా చెప్పు" అన్నాడు సురేంద్రబాబు వెనక నుంచి.

పెంచలమ్మ కొడుకును చూడలేదు. దివాన్ దిగి గుమ్మం దాకా వచ్చి, కోడలి కాళ్ళకున్న ఆ వదులు బూట్లనే చూసింది. "చూడాలని ఉండాది" అని తనలో తాను ఒకసారి మెల్లగా అనుకుంది, కొత్త వంట రుచి చూసినట్టు. తర్వాత పైకే అడిగింది.

"ఇంతేనామ్మే? ఇట్టా చెబితే సరిపోయుండేదా?"