ముప్పావు చేతుల స్వెటర్

బీరువాలో పాత చీరల మధ్య దాచిన స్వెటర్ లేదు. దాని చోట దారం చుట్ట ఒకటి ఉంది.

గంగాభవాని చేతిలోని కూరల సంచి కింద పెట్టడం కూడా మరిచిపోయింది. సెక్టారు మార్కెట్‌కు వెళ్లి వచ్చేలోగా ఎవరో స్వెటర్‌ను మొదటి కుట్టు దాకా విప్పేశారు. రేపు పొద్దున దాన్ని సీతమ్మధార తీసుకెళ్లాలి. అక్కడ బట్టల షాపు నడిపే నాగశ్రీకి నచ్చితే, రాబోయే చలికాలం సరుకంతా భవాని డిజైన్‌లోనే అల్లిస్తానంది. "ఫొటోలు చాలు అక్కా, ఇక వస్తువు తెండి. రేపు తేకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాను" అని ఈ పొద్దున్నే ఫోన్ చేసింది.

ఇంట్లో ఉన్నది ఇద్దరే. అత్త చిలకమ్మ, మొగుడు సింహాద్రి.

"అత్తా, నా స్వెట్రు ఎవులిప్పినారు?"

చిలకమ్మ టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "నాకేటి తెలుసే? ఏ పిల్లో లాగేసుంటాది. ఉక్కపోతకి సస్తంటే స్వెట్రులేటే, ఇడ్డూరం కాకపోతే!"

సింహాద్రికి ఆ రోజు వీక్లీ ఆఫ్. స్టీల్ ప్లాంటు వాళ్లిచ్చిన క్వార్టర్ ముందు స్కూటర్ తుడుస్తున్నాడు. చేతిలో ఉన్న గుడ్డ పోయిన ఏడాది ఆమె అతని కోసం అల్లిన మఫ్లర్.

"నానేటీ సూడ్నేదు" అన్నాడు తల ఎత్తకుండా. "అయినా ఇశాపట్నంలో సలెక్కడుందే? ఎవులేసుకుంతారు?"

చలి ఎక్కడుందో భవానికి తెలుసు. సింహాద్రి ఫస్టు షిఫ్టుకు క్యారియర్ కట్టాలని తెల్లారకముందే లేచి, గిన్నెల్లో చేతులు పెట్టేసరికి సముద్రపు తేమగాలి మెడ వెనక నుంచి దూరుతుంది. ఊలు స్వెటర్ వేసుకుంటే కాసేపటికే చెమట, తీసేస్తే వణుకు. పొడుగు చేతులైతే నీళ్లలో తడుస్తాయి, మడిస్తే జారిపోతాయి. అందుకే నూలు దారం ఎంచుకుంది. మెడ వెనక మందంగా, ముందు ఒక్క గుండీతో, చేతులు మోచేతి కిందనే ఆగిపోయేలా అల్లింది. గిన్నెలు తోముతూ తోముతూ ఆమె బుర్రలో తయారైన కొలత అది. ఆ ఆలోచన తట్టిన రోజు ఎవరికైనా చెప్పాలని ఇల్లంతా చూసింది. టీవీ చూసే అత్త ఉంది, ఫోన్ చూసుకునే మొగుడున్నాడు. చెప్పడానికి మాత్రం ఎవరూ కనబడలేదు. కుక్కర్ మూత పెట్టేసి ఊరుకుంది. ఆమధ్య సర్వేకు వచ్చిన అమ్మాయి "మేడమ్ ఏం చేస్తారు సార్?" అని అడిగితే, "మా యావిడా? ఏటీ సెయ్యదమ్మా, ఇంటికాడే ఉంటాది" అన్నాడు సింహాద్రి. లోపల అతని చొక్కాలు మడతపెడుతూ ఆమె ఆ మాట విన్నది. మడత ఆపలేదు.

ఇప్పుడు ఆ చుట్టను చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

పిల్లి లాగితే దారం చిక్కుపడుతుంది. అల్లికలు తెలిసినవాళ్లయితే ఉండ చుడతారు. ఇది బొటనవేలికీ మోచేతికీ వేసి తిప్పిన చుట్ట. ఒక్క వరస కూడా తప్పలేదు. రెండు పక్కలా బిగించి ముడి కూడా వేసి ఉంది. ప్లాంటు వైరు మిల్లులో ఇనుప తీగ చుట్టలు అలా కట్టించే మనిషి ఈ ఇంట్లో ఒక్కడే. పాడుపని చేస్తూ కూడా దారాన్ని చిందరవందరగా వదిలెయ్యడానికి అతని చేతులు ఒప్పుకోలేదు.

భవాని బయటికి వచ్చి చుట్టను స్కూటర్ సీటు మీద పెట్టింది.

"ఏటది?"

"మీ మిల్లు సరుకు."

మఫ్లర్ ఆగిపోయింది.

భవాని చుట్ట మళ్లీ తీసుకుని, లోపలి నుంచి సూదులు తెచ్చుకుని, గుమ్మం మెట్టు మీద కూర్చుంది. ముడులు విప్పి మొదటి కుట్టు వేసింది. రేపటికి స్వెటర్ పూర్తి కాదు. కాకపోనీ. మెడ భాగమూ ఒక చెయ్యీ అయితే చాలు, నాగశ్రీకి చూపిస్తుంది. మిగతాది ఆ షాపులోనే, అందరి ఎదురుగా కూర్చుని అల్లుతానంటుంది. రేపే కాదు, ఎల్లుండి కూడా వెళుతుంది.

"ఒలే భవానీ, టీ ఎట్టవేటే?" లోపల్నుంచి చిలకమ్మ.

"మీ అబ్బాయి ఎడతారు అత్తా" అంది భవాని, సూది మీంచి కళ్లు తిప్పకుండా.

సింహాద్రి మఫ్లర్‌ను స్కూటర్ మీద పడేసి మెట్టు దగ్గరికి వచ్చాడు. ఆ సూదుల వైపు చూశాడు.

"నానే ఇప్పీసినాను" అన్నాడు. "పొద్దున నువ్వది తొడుక్కుని అద్దం కాడ నిలబడ్డావు. కిటికీలోంచి సూసినాను. నీలో నువ్వే నవ్వుకుంతన్నావు. పెళ్లైన కాడ్నుంచీ నువ్వలా నవ్వడం నానెప్పుడూ సూడ్నేదు. పిలుద్దామంటే నోరు రానేదు. ఆ నవ్వులో నానెక్కడా లేనని తెలిసిపోనాది. నువ్వు మార్కెట్టుకెళ్లగానే బీరువా తీసీసినాను. బాగుందే భవానీ. సానా బాగుంది. అందుకే ఇప్పీసినాను."