మూడో రీడింగు

మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు చెన్నకేశవులు ఇంట్లో వంటగది గుమ్మం వెడల్పు పదహారు అంగుళాలు. ఆదివారం అదే గుమ్మం ముప్పై ఆరు అంగుళాలు. ఆయన టేపు చుట్టి జేబులో వేసుకుని, పుస్తకంలో తేదీ వేసి అంకె రాస్తాడు.

కారణం ఆయనకు తెలుసు. పిడుగురాళ్ల బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. అది గీజరు కడ్డీకి పడుతుంది, కుళాయి మూతికి పడుతుంది, అన్నం గిన్నె అంచుకు పడుతుంది. ఈ వారం ఇంటికి పడుతున్నది. గుమ్మానికి రెండు పక్కలా తెల్లటి పెచ్చు పొర మీద పొరగా లోపలికి పెరుగుతున్నది. ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదని ఆయన అభిప్రాయం. అనుమానించవలసింది మాత్రం చాలా ఉంది.

ముప్పై నాలుగేళ్లు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పిన మనిషి. అరచేతిలో విభూతి రాల్చే కిటుకును బస్టాండులో నలుగురి ముందూ చేసి చూపించినవాడు. తాయెత్తులు కట్టేవాళ్లనూ నీళ్ల యంత్రాలు అమ్మేవాళ్లనూ ఒకే గాటన కడతాడు.

భార్య భ్రమరాంబ వంటగదిలో ఉంది. పొయ్యి వెలిగించడానికి తెల్లవారుజామునే లోపలికి వెళ్లింది. ఆమె భారీ మనిషి.

"ఏమండీ, నేను పట్టడంలా," అంటుంది లోపలినుంచి. "నిలువుగా చూశా, అడ్డంగా చూశా."

"ఊపిరి బిగబట్టి చూడు."

"ఊపిరి బిగబడితే నడుం తగ్గుద్దా? మీరు చెప్పిన సైన్సు అదేనా?"

ఆయన మళ్లీ టేపు తీస్తాడు. పదిహేనున్నర.

పది గంటలకు జాన్‌సైదా వస్తాడు. నలభై ఏళ్ల మనిషి. మెడకు టై, భుజాన సంచి, చంకన చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక నీలం సిలిండరు. నీళ్లలోని సున్నాన్ని పట్టి ఉంచే యంత్రం అది. వారానికోసారి ఉప్పు పోస్తే పట్టినదంతా కక్కేసి, మళ్లీ పట్టడం మొదలుపెడుతుందట.

"ఎవరు రమ్మన్నారు?"

"అమ్మగారు ఫోన్ చేశారు సార్."

చెన్నకేశవులు గుమ్మం వైపు చూస్తాడు. "నువ్వేనా?"

"నేనే. ఆయన్ని కూర్చోబెట్టి కాస్త మజ్జిగియ్యండి. నీళ్లిస్తే తాగడులే."

జాన్‌సైదా రెండు గాజు గ్లాసులు బల్ల మీద పెడతాడు. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, రెండోదాంట్లో తన సీసాలోవి. రెంటిలోనూ ఇనుప కడ్డీలు దించి కరెంటు ఇస్తాడు. నిమిషంలో కుళాయి నీళ్లు గోధుమరంగుకు, అక్కడినుంచి బురద రంగుకు తిరుగుతాయి. గ్లాసు అడుగున ఎవరో కాళ్లు కడుక్కుంటున్న చప్పుడు వినిపిస్తుంది. రెండో గ్లాసు తేటగానే ఉంటుంది.

"ఇదండీ, మీ ఇంట్లోవాళ్లు తాగేది."

ఈ ఘడియ కోసమే చెన్నకేశవులు ఉద్యోగ విరమణ చేశాడు. తేటగా ఉన్న గ్లాసులో చిటికెడు ఉప్పు వేస్తాడు. అదీ బురదగా మారుతుంది.

"రంగు నీళ్లది కాదు, నీ కడ్డీలది. తుప్పు. నీ సీసా నీళ్లలో లవణాలు లేవు కనక ఇందాక కరెంటు పారలేదు. అంతే. ఎన్ని ఇళ్లలో ఆడావు ఈ ఆట?"

జాన్‌సైదా ముఖంలో సిగ్గు లేదు. రెండు గ్లాసుల్లోని బురదనూ పైకి తీసి, చేతిరుమాలులా నాలుగు మడతలు పెట్టి, సంచిలో సర్దుకుంటాడు.

"నిజమే సార్. కడ్డీలదే. నా అబద్ధం పట్టుకున్నారు. మరి గోడ ఆగిందా?"

ఇద్దరూ గుమ్మం వైపు చూస్తారు. పన్నెండు అంగుళాలు.

"సిలిండరు అడ్డకొలత పది సార్. పైపు లోపలుంది. గుమ్మం పదికి తగ్గిందంటే ఇక నేనేం చెయ్యలేను. ముందు బిగిస్తా. ఆగకపోతే ఊడదీసుకుపోతా."

ఇంత తేలిగ్గా దారికొచ్చేవాడిని చెన్నకేశవులు జన్మలో నమ్మలేదు. మొదటి మాట అబద్ధమని తేలినవాడి రెండో మాటను ఏ ఆధారంతో స్వీకరించాలి?

"ముందు ఈ నీళ్ల కాఠిన్యం ఎంతో తేలాలి," అంటాడు. "మూడు రీడింగులు తీస్తాను. మూడూ కలిస్తే బిగించు."

"కలవకపోతే?"

"కలిసేదాకా తీస్తాను."

బీరువాలోంచి గాజు గొట్టం తీసి స్టాండుకు బిగిస్తాడు. పద్ధతి సులువైనది. ఎర్రరంగు పట్టించిన నీళ్లలోకి గొట్టంలోంచి మందు బొట్టు బొట్టుగా వదలాలి. ఒకానొక బొట్టుకు ఎరుపు నీలంగా మారుతుంది. అక్కడ ఆపి అంకె చదవాలి.

మొదటి రీడింగు ఆరువందల నలభై. రెండోది ఆరువందల నలభై. మూడోసారి నీలం రావలసిన బొట్టుకు రాదు. నీళ్లు ఎర్రగానే ఉండి, ఆయన వైపు చూస్తాయి. ఇంకా కొన్ని బొట్లు పడ్డాక, ఆయన మీద జాలిపడినట్టు నీలంగా మారతాయి. ఆరువందల యాభై ఐదు.

కొట్టేస్తాడు. మళ్లీ మొదలు.

"ఏమండీ," అంటుంది భ్రమరాంబ. "ఒక మాట చెప్పనా?"

"చెప్పు."

"ఇంటికి పెచ్చు ఈ వారం కొత్తగా పట్టడంలా. కాపరానికొచ్చిన కాడినుంచీ పడతానే ఉంది. మీరు లేవకముందే రోజూ గీకేదాన్ని. గుమ్మాలు, గోడల మూలలు, మీ మంచం చుట్టూ. ఫిల్టరు తోమి, గీజరు కడ్డీ నిమ్మఉప్పులో నానేసి, ఆనక ఇల్లు గీకేదాన్ని. ఆదివారం చెయ్యి పైకి లేవలా. మానేశా."

గొట్టం మీద చెన్నకేశవులు చెయ్యి ఆగుతుంది. ముప్పై నాలుగేళ్లుగా ఒకే కొలతలో ఉన్న ఇంట్లో ఆయన నివసించాడు. దానికి ఎన్నడూ కారణం వెతకలేదు.

"ఇంతకాలం నాకు చెప్పలేదేం?"

"చెప్తే మీరు గీకుతారా? కొలుస్తారు."

జాన్‌సైదా నవ్వు ఆపుకోవడానికి మజ్జిగ గ్లాసు మూతికి అడ్డం పెట్టుకుంటాడు. చెన్నకేశవులు ఆ నవ్వును గమనిస్తాడు. వీళ్లిద్దరూ ముందే మాట్లాడుకున్నారేమోనన్న అనుమానాన్ని పుస్తకం అంచున, పెన్సిలుతో, ప్రశ్నార్థకం పెట్టి రాసుకుంటాడు.

ఆరువందల నలభై. ఆరువందల నలభై. ఆరువందల ముప్పై ఒకటి.

పన్నెండున్నరకు జాన్‌సైదా లేచి సిలిండరును గుమ్మానికి ఆనిస్తాడు. అది రెండు పక్కలా రాసుకుని ఆగిపోతుంది. అతను దాని వీపు తట్టి మళ్లీ చంకనెత్తుకుంటాడు.

"అయిపోయింది సార్. అమ్మగారూ, వస్తానమ్మా."

"మంచిది నాయనా. ఎండన పడి పోతన్నావు, తువ్వాలేసుకో."

అతను వెళ్లాక చెన్నకేశవులు కుర్చీ గుమ్మం దగ్గరకు లాక్కుంటాడు. సందులోంచి భ్రమరాంబ పెరుగన్నం గిన్నె అందిస్తుంది. గిన్నె నిలువుగా వస్తుంది. అన్నం ఒలకదు.

"నీకు అక్కడ ఇరుకుగా లేదా?"

"లేదండీ. ఇటు వెనకగోడ జరిగిపోతంది. మీకు తగ్గిందల్లా నాకు పెరుగుతంది."

"అసంభవం."

"అయితే కొలవండి."

టేపు కొస సందులోంచి ఇస్తాడు. ఆమె దాన్ని పట్టుకుని నడుస్తుంది. ఆమె అడుగులు దూరమవుతాయి. అది మూడు మీటర్ల టేపు. మూడు మీటర్లూ వెళ్లిపోయాక ఇంకా వెళుతూనే ఉంటుంది. పందొమ్మిది మీటర్లు. నలభై రెండు. అంకెలు సక్రమంగానే అచ్చయి ఉన్నాయి. చెన్నకేశవులు మొదట గోడను అనుమానించి, తర్వాత టేపును అనుమానించి, చివరికి లాగుతున్న చేతిని అనుమానిస్తాడు. నూటపది దగ్గర టేపు డబ్బా ఆయన చేతిలోంచి జారి లోపలికి పోతుంది.

లోపల ఇప్పుడు ఇంకో గొంతు వినిపిస్తున్నది.

"ఎవరది?"

"ఎదురింటి శేషారత్నం. వాళ్ల గుమ్మం నిన్ననే మూసుకుందంట. వాళ్ల వంటగదీ మనదీ కలిసిపోయినయ్." లోపల ఇద్దరూ దేనికో నవ్వుకుంటారు. "ఏమండీ, మీరు సన్నమే గదా. పక్కకి తిరిగితే ఇంకా పడతారు. రండి."

సందు ఎనిమిది అంగుళాలు. ఆయన పక్కకు తిరిగితే ఏడున్నర. లెక్క ఆయనకూ తెలుసు.

"ఒక్క రీడింగు. ఈసారి కలుస్తుంది."

"ఇదిగో." ఆమె గొంతు సందుకు దగ్గరగా వస్తుంది. "నీళ్లు గట్టి నీళ్లని నేను చెప్తన్నా. ముప్పై నాలుగేళ్లు నా చేత్తో గీకి చెప్తన్నా. నేను అబద్ధం చెప్తన్నానా?"

అబద్ధమని ఆయన అనుకోవడం లేదు. కాదనడానికి రుజువు లేదు. ఆ రెంటికీ మధ్య ఉన్న చోటు కూడా సన్నబడుతున్నదని గ్రహించి, ఆయన గొట్టం నింపడానికి లేస్తాడు.

ఆరువందల నలభై.

ఆరువందల నలభై.

మూడోసారి ఆయన బొట్లను చూడడు, వింటాడు. ఒక్కొక్క బొట్టూ పెద్ద హాల్లో ఎవరో కుర్చీ జరుపుకుంటున్న చప్పుడుతో పడుతుంది. నీలం వస్తుంది. ఆరువందల నలభై.

ఆయన కళ్లు చెమ్మగిల్లుతాయి. కాలేజీ రోజుల నాటి శుభ్రమైన దస్తూరితో తెల్లకాగితం మీద రాస్తాడు: మూడు రీడింగులూ ఏకీభవించాయి. నీరు కఠినమైనది. భ్రమరాంబ చెప్పినది సరైనది. కింద పూర్తి పేరుతో సంతకం చేస్తాడు.

గుమ్మం దగ్గరకు వచ్చేసరికి అక్కడ గోడ ఉంది. గోడలో నిలువుగా ఒక గీత. గీత వెడల్పు కాగితం మందం.

కాగితాన్ని గీతలోకి తోస్తాడు. అది వెళుతుంది. కొస వదలడానికి ఆయనకు మనసొప్పదు, అవతల ఎవరు అందుకుంటారో తెలియదు గనక. కొసతో పాటు వేళ్లు వెళతాయి. వేళ్ల వెంట మణికట్టు, భుజం, చెవి వెళతాయి. నొప్పేమీ లేదు. తాను ఇంత పలచనివాడినని ఆయన ఎన్నడూ అనుమానించలేదు.

అవతల వెలుతురు ఎక్కువ. వంటగది కొస కనిపించదు. ఒకదాని పక్కన ఒకటిగా పొయ్యిలు, వాటి ముందు పీటల మీద ఆడవాళ్లు ఉన్నారు. భ్రమరాంబ వంగి ఆయన్ని నేల మీదినుంచి తీస్తుంది. రెండు చేతులతో ఎత్తి వెలుతురుకు అడ్డం పట్టి చూస్తుంది.

"ఏం రాసుంది వదినా?" అంటుంది శేషారత్నం.

"నేను చెప్పింది సరైందంట."

"అన్నయ్యగారేనా?"

"చేతిరాత ఆయనదే." భ్రమరాంబ కాగితాన్ని తిప్పి వెనకవైపు కూడా చూస్తుంది. "చేతిరాతదేముంది. ఎవరన్నా రాస్తారు."

ఆయన నోరు తెరవబోతాడు. నోరు ఉండవలసిన చోట సంతకం ఉంది.

ఆమె ఆయన్ని ఇత్తడి పళ్లెంలో పరిచి నీళ్లు పోస్తుంది. అక్షరాలు ఒక్కొక్కటీ ఊడి పైకి తేలతాయి. మునివేళ్లతో వాటిని పక్కకు తోసి, ఖాళీ అయిన కాగితాన్ని జాగ్రత్తగా, చిరగకుండా ఎత్తి, పొయ్యిల పైన కట్టిన తాడు మీద ఆరేస్తుంది. తాడు మీద అప్పటికే పదకొండు కాగితాలు ఆరుతున్నాయి. గాలి లేదు. అయినా పన్నెండూ కదులుతున్నాయి. ఆడవాళ్లు చేతిలో పని ఆపి, గడ్డాలు ఎత్తి, ముందుగా ఏది నోరు విప్పుతుందోనని అనుమానంగా చూస్తున్నారు.