చెలమ నీళ్ల అంబలి

నాగావళి గట్టు పక్క వీధిలో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాక, ముగ్గురు పోయాక, మున్సిపాలిటీకి మెలకువ వచ్చింది. కుళాయిలు కట్టేసి, బ్లీచింగ్ కలిపిన నీళ్లు ట్యాంకర్లో పంపింది. ఆశా కార్యకర్త నీలవేణి గడప గడపకీ తిరిగి గొంతు పోయేలా చెప్పింది.

"ట్యాంకర్ నీల్లే తాగండి. ఇసకలో సెలమల జోలికి ఎల్లకండి. ఊరి మురుగంతా ఆ పక్కనే కలుస్తంది."

ఏటి ఇసుకలో చేత్తో గుంట తవ్వితే ఊరే చెలమ నీళ్లు అద్దంలా ఉంటాయి, పైగా తియ్యన. అలాంటి నీళ్లలో రోగముందంటే ఎవరు నమ్ముతారు?

దేముడమ్మ సగం నమ్మింది. కానీ కోడలు హేమకి ఎనిమిదో నెల. బ్లీచింగ్ వాసనకే ఆ పిల్లకి కడుపులో తిప్పేది. నోటికి సయించేది రాగిపిండితో కాచే చోడి అంబలి ఒక్కటే, అదీ ఆ వాసన లేకపోతేనే. కాచిన అంబలిలో పచ్చినీళ్లు పోసి పలచన చేయడం దేముడమ్మ చేతికి అలవాటైన పని. చూలాలిని పస్తు పెట్టడానికి మనసొప్పక, బిందె చంకనెత్తుకుని ఏట్లోకి దిగింది.

"ఇప్పుడు బాగున్నాదత్తా," అంది హేమ, ఇంకో గ్లాసు అడుగుతూ. దేముడమ్మకి ప్రాణం లేచొచ్చింది.

రెండ్రోజులు తిరక్కుండా హేమ మంచం పట్టింది. ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికి కళ్లు లోపలికి పోయాయి.

"ఏ నీళ్లు తాగిందమ్మా?" అడిగింది డాక్టరమ్మ.

పక్కనే కొడుకు ఎల్లాజీ. వాడి మొహం చూశాక దేముడమ్మకి నిజం నోట రాలేదు.

"ట్యాంకర్ నీల్లేనమ్మా," అంది.

ఆ సాయంత్రమే హేమ పోయింది, కడుపులో బిడ్డతో సహా.

ఎల్లాజీ ఆ మాటే పట్టుకున్నాడు. "నీల్లలో మందేసి మా మనుసుల్ని సంపుతన్నారు!" అంటూ వీధిని లేపాడు. ట్యాంకర్ అద్దాలు పగిలాయి. డ్రైవరు బండి తిప్పుకుని పోయాడు. అడ్డొచ్చిన నీలవేణిని తోసేశారు. దేముడమ్మ నోరు మెదపకుండా అరుగు మీద కూర్చుంది. అంత పిరికితనం పగవాళ్లకి కూడా వద్దు.

మర్నాడు ఆడవాళ్లంతా బిందెలతో ఏట్లోకి దిగుతుంటే మాత్రం ఇక కూర్చోలేకపోయింది. పరిగెత్తి చెలమ మీద పడి, రెండు చేతులా ఇసుక తోసి పూడ్చసాగింది.

"తాగకండే! నా కోడల్ని సంపింది ఈ నీల్లే! ట్యాంకర్ నీల్లని అబద్దమాడినాను. నా సేత్తో నానే అంబలిలో కలిపి తాగించినాను!"

ఎల్లాజీ వచ్చి తల్లిని రెక్క పట్టి లేపాడు. "మాయమ్మకి మతి సెదిరిపోనాది. ఏటీ అనుకోకండి," అన్నాడు ఏడుస్తూ.

అందరికీ జాలేసింది. ఒకావిడ కొంగుతో ఆమె మొహం తుడిచింది. ఆ పక్కనే ఇంకో చెలమ తవ్వుకుని, నీళ్లు తేరేదాకా ఓపిగ్గా కూర్చున్నారు. అరిచి అరిచి గొంతెండిపోయి ఉంటుందని, ఆ నీళ్లు దోసిట పట్టి ముందు దేముడమ్మకే తాగించారు.