పదకొండో టబ్బులో పీత

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ నిండడానికి రెండు రోజులు పడుతుంది. తప్పులుంటే మన్నించి చదవండి. నెమ్మదిగా రాశానే గానీ జరిగింది జరిగినట్టే రాశాను.

నలభై ఏళ్లు కళింగపట్నంలో చేపల గంప మోశాను. మా ఆయన దాలయ్య పోయాక అంగన్‌వాడీ గౌరి దగ్గర కూర్చుని చదువు నేర్చుకున్నాను. మా వీధి ఆడవాళ్లలో రాయడం వచ్చింది నా ఒక్కదానికే. అందుకే సుహాసిని నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

సుహాసినిది గరివిడి. ఇరవై ఏడేళ్ల పిల్ల. శ్రీకాకుళంలో పీహెచ్‌డీ చేస్తోంది. పీతకు కాలు ఊడితే మళ్లీ మొలుస్తుంది కదా, అది ఎలా మొలుస్తుందన్నదే ఆమె పరిశోధన. తెచ్చిన ఉప్పునీళ్లు ల్యాబులో రెండో రోజుకే కంపు కొట్టేవట, పీతలు చచ్చేవట. అందుకని మా ఇంటి వెనక రేకుల పాకలో ఇరవై నాలుగు టబ్బులు పెట్టించింది. టబ్బుకొక పీత. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి. రోజూ నీళ్లు మార్చడం, మేత వేయడం, నోటుపుస్తకంలో ప్రతి నంబరుకూ ఎదురుగా అది ఎలా ఉందో రాయడం నా పని.

మొదటి రోజున ప్రతి పీతకూ ఎడమ పక్క ఒక కాలు తీసింది. పట్టుకోవలసిన చోట పట్టుకుంటే పీతే కాలు వదిలేస్తుంది, అది మాకూ తెలిసిన సంగతే. ఆ కాళ్లను చిన్న గొట్టాల్లో వేసి, పొగలు కక్కే ఐసుపెట్టెలో పెట్టి పట్టుకుపోయింది. కాలు ఊడిన చోట మొటిమంత మొగ్గ లేస్తుంది. పన్నెండో రోజున ఆ మొగ్గ కోసుకుని వెళ్లాలి.

"ఆ మొగ్గలో ఏటుంటాది?" అని అడిగాను.

"కణాలుంటాయి మామ్మా. ఒక్కోదాన్లో కాలు ఎలా కట్టాలో ఆ వివరమంతా ఉంటాది. మామూలప్పుడు అది నిద్రపోతుంటాది. కాలు ఊడగానే ఏ జీను ముందు లేస్తాదో, ఏది తరవాత లేస్తాదో సూస్తన్నాను."

"మరి నా మోకాల్లో జీన్లన్నీ సచ్చిపోనాయేటి? ఒక్కటీ లెగదు."

"నీ మోకాలు మీద ఇంకో పీహెచ్‌డీ సెయ్యాలి మామ్మా, నా ఒక్కదాని వల్ల కాదు."

తొమ్మిదో రోజు పొద్దున్న చూస్తే పదకొండో టబ్బులో పీత వెల్లకిలా పడి ఉంది. సుహాసిని ఊళ్లో లేదు. నమ్మి నా చేతిలో పెట్టిన జీవం చచ్చిపోయింది.

చేపల బేరంలో మాకొక పద్ధతి ఉంది. మేమిచ్చిన చేప చెడిపోయిందని ఎవరైనా అంటే వాదించం. అదే రకం, అదే సైజు చేప మారు ఇచ్చేస్తాం. నలభై ఏళ్లలో మారు ఇవ్వకుండా నేనెవరి గుమ్మమూ దిగలేదు. ఆ రోజూ అదే చేశాను. మా మరిది రాముడు వంశధార సముద్రంలో కలిసే చోట పీతల బుట్టలు వేస్తాడు. వాటిలో వెతికితే అదే సైజు మగపీత, ఎడమ పక్క అదే కాలు లేనిది, మొగ్గ కూడా లేచినది ఒకటి దొరికింది. తెచ్చి టబ్బులో వేసి, పుస్తకంలో "11 - బాగుంది" అని రాశాను. మాట దక్కించుకున్నానని నిమ్మళంగా టీ తాగాను.

పన్నెండో రోజున సుహాసిని వచ్చి మొగ్గలు కోసుకుపోయింది. నెల తిరిగాక ఒక శుక్రవారం మళ్లీ వచ్చింది. హెల్మెట్టు కూడా తీయకుండా పాకలోకి దూరింది.

"మామ్మా, నీ పదకొండు మహారాజే!"

మిగతా ఇరవై మూడింట్లో నిద్రపోతున్న జీను ఒకటి పదకొండులో లేచి కూర్చుందట. ఆమె గైడు జగన్నాధం సారు ఆ పరీక్ష మూడుసార్లు చేయించి చూశారట. కొన్ని పీతలకు వేరే దారి ఉందేమో, మిగిలిన ఏడాదంతా దాని మీదే పని చేస్తానని సోమవారం తన పీహెచ్‌డీ చూసే కమిటీ ముందు చెబుతుందట.

"నాలుగేళ్లయింది మామ్మా, అందరూ సూసిందే నానూ సూస్తన్నాను. ఇన్నాళ్లకి నాదని ఒకటి దొరికింది."

ఆ పీతకు వేరే దారీ లేదు, ఏమీ లేదు. బుట్టలో పడక ముందు ఎన్నాళ్ల కిందట కాలు పోగొట్టుకుందో దానికే తెలియాలి. మొగ్గ ముందు లేచింది కాబట్టి జీనూ ముందే లేచింది. ఆ సంగతి చెప్పేలోగా స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది.

ఇక నాకు కాలు నిలవలేదు. ఎండబెట్టిన చేపలను తిప్పి వేశాను, తిప్పినవే మళ్లీ తిప్పాను. రోడ్డు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. రాముడి భార్య తవిటమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఏటక్కా, కాలు కాలిన పిల్లిలాగ తిరుగుతన్నావు?"

చెప్పాను.

"పీతకి పీత ఇచ్చీసినావు. ఇంకేటి తప్పు? ఇప్పుడు నోరిప్పినావంటే ఆ పుస్తకం లాక్కుని ఇంకొకరికి ఇచ్చీగలరు. ఊరుకో."

నా భయమూ అదే. ఆ పుస్తకం పోతే నాకింక రాయడానికి ఏముంది? శనివారం అలాగే గడిచింది. ఆదివారమూ గడిచింది. కళ్లు మూస్తే ఆ పిల్ల కమిటీ ముందు నిలబడి నా పీత గురించి చెబుతున్నట్టే ఉంది.

సోమవారం తెల్లవారగానే బస్సుకు వెళ్లాను. రెండు బస్సులు వదిలేశాను. మూడోది ఎక్కాను. శ్రీకాకుళంలో దిగి ఆటోలో ల్యాబుకు పోయేసరికి సుహాసిని కాగితాలు సర్దుకుంటోంది.

"ఇలాగొచ్చినావేటి మామ్మా? పీతలు బాగున్నాయా?"

నిలబడే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని భయం.

తిట్టలేదు. స్టూలు మీద కూర్చుంది.

"బాగుందని రాసినావు కదా?"

"బాగానే ఉన్నాదమ్మా. కొత్తది కదా."

ఆ మాటకు ఆమె మొహం చేతుల్లో పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

"సచ్చిపోయిందని రాసుంటే నాకొక పీత పోయేది, అంతే. ఇప్పుడు ఇరవై నాలుగూ పోయినట్టే. మిగతా వాట్లో ఎన్ని మార్చినావో నాకెలా తెలుస్తాది?"

"ఒక్కటీ మార్చలేదు. గంగమ్మ తోడు."

"గంగమ్మ తోడని థీసిస్‌లో రాయలేను మామ్మా."

జగన్నాధం సారు వచ్చారు. అంతా విని ఒక దారి చెప్పారు. మొదటి రోజు తీసిన కాళ్లు ఫ్రీజరులో ఉన్నాయి. ప్రతి కాలినీ దాని నంబరు మొగ్గతో పోల్చి చూస్తే రెండూ ఒకే పీతవో కావో తేలిపోతుంది. పది రోజులు పడుతుంది. అప్పటిదాకా కమిటీ లేదు.

ఆ పది రోజులు నేను మనిషిని కాను. నిజమే చెప్పానని నాకు తెలుసు. అయినా నా చేతుల మీద నాకే అనుమానం. ఒక రోజు పదిహేనూ పదహారూ ఒకేసారి కడిగాను. వేసేటప్పుడు దీనిలోది దానిలో వేసేశానా? పుస్తకం తిరగేస్తే రెండు వరసల్లోనూ "బాగుంది" అనే ఉంది.

పదకొండో రోజున సుహాసిని వచ్చింది. ముక్కాలిపీట వేస్తే కూర్చోలేదు.

"ఇరవై మూడూ నిజమే. పదకొండొక్కటే తప్పు."

టీ పెట్టబోతే వద్దంది. ఆమెకు దొరికింది పోయింది. మళ్లీ పాత దారే, అందరూ చూసిందే చూడాలి. ఏడాది మాత్రం మిగిలి ఉంది. టబ్బుల మధ్య ఒక చుట్టు తిరిగి వచ్చింది.

"నీ బదులు ఇంకొకర్ని పెట్టమన్నారు సారు," అంది చివరికి.

"నువ్వేటన్నావు?"

"సేసిన తప్పు సెప్పడానికి బస్సెక్కి వచ్చినోలు ఇంకెవరున్నారు సార్ అన్నాను. కాని మామ్మా, సచ్చింది సచ్చినట్టే రాయాల. టబ్బు ఖాళీగానే ఉండాల. ఇంకోసారైతే నా వల్ల కాదు."

కొత్త పీతలు దించింది. ఆరో రోజున నాలుగో నంబరు చచ్చిపోయింది. పుస్తకం తెరిచి "4 - చచ్చిపోయింది" అని రాశాను. ఆ చ ఒత్తు సరిగ్గా పడిందో లేదోనని మూడుసార్లు చూసుకున్నాను. అంతలో రాముడు బుట్ట పట్టుకుని అటుగా వచ్చాడు.

"వదినా, అచ్చం ఆ సైజుదే నా దగ్గరున్నాది. ఎయ్యమంటావేటి?"

"పోరా ఎదవా, నీ పీతా నువ్వూను!" అని తరిమాను.

తరిమాను గానీ మనసు ఊరుకోలేదు. మారు అడిగినవాళ్లకు ఖాళీ గంప చూపించినట్టుంది నాకు. ఆ టబ్బు కడిగి, తుడిచి, మళ్లీ కడిగాను. ఇప్పటికి ఎనిమిది రోజులు. పాకలోకి వెళ్లినప్పుడల్లా మిగతా ఇరవై మూడూ చూసుకుని, దాని దగ్గరకు వచ్చేసరికి నా చేతులు ఏదో ఒకటి వెయ్యమంటాయి. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని బయటికి వచ్చేస్తున్నాను.

మైలపల్లి గున్నమ్మ, అరవై మూడేళ్లు, ప్రస్తుతం ఉంటున్నది కళింగపట్నం, శ్రీకాకుళం జిల్లా.