వదిన పాత్ర

ఆదివారం పొద్దున్నే పిండి పొరలకి వెన్న రాస్తూ కూర్చున్నాను. కాగితం కన్నా పల్చటి పొరలు. కాస్త ఆలస్యమైతే ఎండిపోయి చేతిలోనే ముక్కలవుతాయి. ఒక పొర, దాని మీద వెన్న, మళ్ళీ ఇంకో పొర, మధ్యలో పాలకూర, జున్ను. మా ఆడపడుచు ఫోతినీ రాసిన సినిమాని ఆ మధ్యాహ్నం మెల్‌బోర్న్‌లో, ఓక్లీలోని సినిమా హాల్లో మావాళ్ళ కోసం ప్రత్యేకంగా వేస్తున్నారు. ఆట అయ్యాక నలభై మంది మా ఇంటికే వస్తారు. "వదినా, సినిమాలో నువ్వు కూడా ఉన్నావు, చూద్దువుగాని" అని ఫోతినీ ఫోన్లో ఊరించింది. "నేనేం చేశానని నన్ను పెట్టావే?" అంటే పకపకా నవ్వి, "అదే మరి, చూడు" అంది.

సినిమా ఫోతినీ పెళ్ళి కథే. గ్రీకు పిల్ల, ఆస్ట్రేలియా కుర్రాడు గ్రాహమ్, మధ్యలో మా గంపెడు సంసారం. గ్రాహమ్ మా బంధువులందరి పేర్లూ అరచేతి మీద రాసుకుని వచ్చి, అవి చెమటకి చెరిగిపోతే మా అత్తగారిని పట్టుకుని మామయ్య పేరుతో పిలిచే సీనుకి హాలు హాలంతా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. అది నిజంగా జరిగిందే. అత్తగారు పోయి ఆరేళ్ళయింది. ఉంటే ఆవిడే అందరికన్నా గట్టిగా నవ్వేది.

తర్వాత తెర మీదికి వదిన వచ్చింది. పూల నైటీ, చేతిలో పళ్ళెం, "తిను, తిను" అనే ఒక్క మాట. ఎవరు ఏడుస్తున్నా, ఎవరు పోట్లాడుకుంటున్నా తలుపు తోసుకుని వచ్చేస్తుంది. వచ్చిన ప్రతిసారీ హాల్లో నవ్వులు. పక్క సీట్లోంచి ఫోతినీ నా చెయ్యి నొక్కి, "కోపం లేదుగా వదినా?" అంది. "లేదులే" అన్నాను. నిజానికి కోపం రాలేదు. ఆవిడని చూస్తూ, ఈమె ఇంకేమైనా మాట్లాడుతుందేమో అని ఆశగా ఎదురు చూశాను. మాట్లాడలేదు.

ఆఖర్న, కూతుర్ని గడప తొక్కనివ్వనని భీష్మించుకున్న తండ్రి దగ్గరికి పెద్దకొడుకు వెళ్తాడు. శనివారం మధ్యాహ్నం, చేపల షాపు వెనక గది, తండ్రి చేతిలో కత్తి. కొడుకు అంటాడు: "నాన్నా, చేపని చూడగానే తాజాదో కాదో చెప్తావు. మనిషిని చూసి ఎందుకు చెప్పలేవు?" హాలు చప్పట్లతో మోగిపోయింది. నా మొగుడు థనాసిస్ కళ్ళు తుడుచుకుని, లేచి నిలబడి, నాలుగు వైపులా తిరిగి దండం పెట్టాడు.

ఆ మాట నాది.

ఇరవై రెండేళ్ళప్పుడు గ్రీసులోని కలమాతా నుంచి వచ్చాను నేను. పాత్రాస్‌లో టీచర్ ట్రైనింగుకి సీటు వచ్చిన ఉత్తరమూ, మెల్‌బోర్న్ నుంచి థనాసిస్ ఫోటో ఉన్న కవరూ ఒకే వారంలో మా ఇంటికి చేరాయి. నాన్న రెండో కవరునే అందరికీ చూపించాడు. ఆ తర్వాత ముప్పై ఆరేళ్ళూ షాపు, ఇల్లు, మళ్ళీ షాపు. తెల్లవారుజామునే వెళ్ళి థనాసిస్ చేపలు సర్దితే దాన్ని పని అనేవాళ్ళు, పక్కనే నిలబడి నేను సర్దితే సాయం అనేవాళ్ళు. "మా అర్గీరోకి నోట్లో నాలుక లేదు" అని చర్చి దగ్గర అందరితో మురిసిపోతూ చెప్పేది అత్తగారు. అది మెప్పే. నేనూ మెప్పుగానే పుచ్చుకున్నాను.

ఫోతినీ గొడవ జరిగింది నేను వచ్చిన పదకొండో ఏట. అత్తగారు తలకి గుడ్డ కట్టుకుని మంచం ఎక్కింది. మామయ్య ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఫోతినీ ఏదో స్నేహితురాలి ఇంట్లో తలదాచుకుంది. ఆ శనివారం షాపు వెనక మామయ్యా నేనూ చేపలు శుభ్రం చేస్తున్నాం. నాకేమైందో తెలీదు, నోరు తెరిచాను. "మామయ్యా, మీరు చేపని చూడగానే తాజాదో కాదో చెప్తారు. పదకొండేళ్ళుగా నన్ను చూస్తున్నారు, నేనెలా ఉన్నానో చెప్పగలరా? ఇష్టమా అని నన్నెవరూ అడగలేదు. ఫోటో చూపించి పెట్టె సర్దేశారు. మీ ఇంట్లో నాకేం లోటు చెయ్యలేదు. అయినా రోజూ లేవగానే, ఇది ఎవరి ఇల్లు అనిపిస్తుంది. ఫోతినీకి ఆ గతి పట్టించకండి." ఆయన కత్తి కింద పెట్టి చేతులు కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి, "థనాసిస్ చెప్పాడు, నా మనసు మారింది. పిల్లని రమ్మనండి" అన్నాడు. థనాసిస్ కూడా విడిగా మాట్లాడాడు కాబోలు, నా మాటలు ఆయన చెవిన పడనే లేదు కాబోలు అనుకున్నాను. మనసులోది బయటపెట్టినందుకు భయం భయంగా ఉన్నదాన్ని, బతికిపోయాను అనుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

ఇంటికొచ్చాక జనం థనాసిస్ చుట్టూ మూగారు. "బావా, ఆ చేప మాట ఎలా తట్టిందయ్యా నీకు?" అని ఎవరో అడిగితే, "ఏమో, ఆ టైముకి అలా వచ్చేసింది" అంటున్నాడు. నేను చేతిలో కాఫీలు అక్కడే పెట్టేసి వెనక వరండాలోకి వెళ్ళాను. మామయ్య అక్కడే ఎండలో చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఎనభై తొమ్మిదేళ్ళు. వినికిడి తగ్గింది గానీ జ్ఞాపకం తగ్గలేదు.

"మామయ్యా, ఆ శనివారం మీతో మాట్లాడింది ఎవరు?"

"నువ్వే తల్లీ. వాడసలు నోరే విప్పలేదు."

"మరి అలా ఎందుకు చెప్పారు?"

"నీ మాటలు నీవని చెబితే, ఇష్టం లేకుండా వచ్చావని మీ అత్తకి తెలిసేది. వాడికి తెలిసేది. ఇల్లు నిలబడాలి కదమ్మా." నా చెయ్యి పట్టుకుని అన్నాడు, "నీ మాట విని నా కూతుర్ని దాని ఇష్టానికి వదిలేశాను. నిన్ను అడగాలని మాత్రం నాకు తోచలేదు."

అంతలో థనాసిస్ తలుపు దగ్గరికి వచ్చాడు. "ఇక్కడేం చేస్తున్నావు అర్గీరో? లోపల కాఫీ కోసం అందరూ అడుగుతుంటే!"

"కూర్చో. ఆ రోజు మీ నాన్నతో నేనేం అన్నానో చెప్తాను."

"ఇప్పుడా? ఇంటినిండా మనుషుల్ని పెట్టుకుని?"

"ఇప్పుడే."

అతను కూర్చోలేదు. తలుపు మూసి, దానికి ఆనుకుని నిలబడ్డాడు. "చెప్పక్కర్లేదు" అన్నాడు, గొంతు తగ్గించి. "నేను ఐసు గదిలో ఉన్నాను. తలుపు తీసే ఉంది. అంతా విన్నాను. ఫోతినీకి ఆ చేప మాట చెప్పిందీ నేనే."

ఇరవై ఐదేళ్ళుగా, నా మనసులో ఉన్నది ఇంట్లో ఎవరికీ తెలియదనుకుని, తెలియనివాళ్ళని ఏమనగలం అని సరిపెట్టుకుంటూ వచ్చాను. ఇద్దరికీ తెలుసు. తెలిసే వడ్డించమని నా ముందుకు ప్లేటు జరిపారు, తెలిసే షాపు తాళాలు నా చేతిలో పెట్టారు. ఆ రోజు సాయంత్రమే, "ఆ మాటలు నావి" అని నేను ఒక్క ముక్క అని ఉంటే?

"విని కూడా ఊరుకున్నావా?" అన్నాను.

"భయమేసింది. అడిగితే వెళ్ళిపోతావేమోనని." తల దించుకున్నాడు. అబద్ధం చెప్పడం లేదు. నాకు జాలి వేసింది, దానికి నా మీద నాకే విసుగూ వేసింది.

లోపల్నించి ఫోతినీ కేక వేసింది, "వదినా, ఎక్కడున్నావు? అందరూ వెళ్ళిపోతున్నారు!"

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు థనాసిస్.

"అడుగు."

"ఏమని?"

"ఉంటావా అని."

వాళ్ళ నాన్న వైపు చూశాడు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తలుపు వైపు చూశాడు. ఆఖరికి నా వైపు తిరిగి అడిగాడు.

ముప్పై ఆరేళ్ళకి వచ్చిన ప్రశ్న. జవాబు చెప్పడానికి నేను తొందరపడలేదు.